ఒక్క మాట పట్టుకుని



సినిమా చూస్తున్నప్పుడు, “తరవాత ఏమవుతుందో!” అని మీ గుండె దడదడలాడుతుంది గదా? అందుకు తుపాకులు పేలాలా? కార్లు తరుముకోవాలా? అక్కర్లేదని చూపించిన జపాను దర్శకుడు ఒకడున్నాడు. ఆయన పేరు యొషితారో నొముర.

నొముర 1919లో టోకియోలో పుట్టాడు. తండ్రి కూడా సినిమా దర్శకుడే. నొముర షోచికు అనే పెద్ద చిత్రసంస్థలో చేరి, సహాయ దర్శకుడుగా పని నేర్చుకున్నాడు.

1958లో ఆయన “హరికోమి” అనే చిత్రం తీశాడు. హరికోమి అంటే పొంచి ఉండి కనిపెట్టడం. ఇద్దరు డిటెక్టివులు మండువేసవిలో రైలెక్కి, ఎంతో దూరాన క్యూషూ ద్వీపంలో ఉన్న సాగ పట్టణానికి పోతారు. అక్కడ ఒక సత్రం మేడగదిలో దిగి, ఎదురింటి ఇల్లాలిని కిటికీలోంచి గమనిస్తారు. పారిపోయిన హంతకుడు ఆమెను చూడటానికి వస్తాడేమోనని వారి ఆశ. రోజులు గడుస్తాయి. ఆమె ఇంటిపనులు చేసుకుంటుంది, బజారుకు వెళ్లి వస్తుంది. అంతే! అయినా మనం కన్నార్పకుండా చూస్తాం.

1974లో తీసిన “సునా నో ఉత్సువ” మరీ చిత్రమైనది. ఆ పేరుకు ఇసుక పాత్ర అని అర్థం. టోకియో రైలుయార్డులో ఒక వృద్ధుడి శవం దొరుకుతుంది. ముందురాత్రి ఆయన ఎవరితోనో మాట్లాడుతుండగా చెవినబడిన “కమెద” అన్న మాట ఒక్కటే ఆధారం. ఆ యాస ఈశాన్య ప్రాంతపుదిలా ఉన్నదట. పోలీసులు అక్కడి కమెద అనే ఊరికి వెళ్లి, వట్టిచేతులతో తిరిగివస్తారు. తరవాత భాష తెలిసినవారిని అడిగితే, పడమట ఇజుమో ప్రాంతంలో కూడా అటువంటి యాసే ఉన్నదన్నారు. పటం తీసి వెతికితే, అక్కడ “కమెదకె” అనే ఊరు కనిపించింది!

ఆ ఊళ్లో అసలు సంగతి బయటపడింది. ఎన్నో ఏళ్ల కిందట, కుష్ఠువ్యాధి సోకిన ఒక తండ్రి, చిన్న కొడుకును వెంటబెట్టుకుని ఊరూరా తిరుగుతూ అక్కడికి చేరాడు. ఎక్కడికి పోయినా జనం వాళ్లను తరిమేశారు. ఇక్కడ మాత్రం ఒక పోలీసు వాళ్లను చేరదీశాడు. తండ్రిని వైద్యశాలకు పంపి, పిల్లవాణ్ణి తన ఇంట ఉంచుకున్నాడు. చనిపోయిన వృద్ధుడు ఆ పోలీసే!

అంత మంచివాణ్ణి ఎవరు చంపారు? అది నేను చెప్పను. మీరు పెద్దవాళ్లయాక చూసి తెలుసుకోండి. కాని ఒక్క సంగతి మరవకండి. ఆ వ్యాధి మందులతో పూర్తిగా నయమవుతుంది. అయినా రోగులను వేరుగా ఉంచే చట్టం జపానులో 1996 దాకా ఉండేది. జనం మనసులో పాతుకున్న భయానికి మందు అంత త్వరగా దొరకలేదు.

నొముర 2005లో కన్నుమూశాడు. “ఎవరు చేశారు?” అని మనను ఆత్రపెట్టి, చివరికి “ఎందుకిలా జరిగింది?” అని ఆలోచింపజేయడం ఆయన పద్ధతి. ఈసారి మీరు డిటెక్టివు కథ చదివినప్పుడు ఆ రెండో ప్రశ్న కూడా వేసి చూడండి.