చీటీ మార్చండి చాలు

"రంగు సరిపోయింది కదా, చాలదా మాస్టారూ?" అన్నారు నిర్వాహకులు. చాలదు.

మొన్న ఒక పాఠశాల ప్రదర్శనలో నమూనా విమానాల నడుమ ఒక హాక్ నిలిచి ఉన్నది. కింద చీటీలో "1996 నాటి సూర్యకిరణ్" అని రాశారు. 1996లో ఏర్పడిన ఆ దళం 2011 దాకా ఎగిరినది కిరణ్ మార్క్ 2 మీద. హాక్ ఆ దళానికి తరువాత వచ్చినది.

హకీంపేట ఆకాశాన కిరణ్ మోతకు పాఠం ఆపి, అది దాటాక అందుకొన్నవాణ్ణి నేను. కిరణ్‌లో గురుశిష్యులు పక్కపక్కన కూర్చుంటారు. కనుకనే దాని ముందుభాగం వెడల్పు. హాక్‌లో శిష్యుడు ముందు, గురువు వెనుక, కొంచెం ఎత్తున. ఈ తేడాను ఏ రంగు పూడ్చగలదు? ఉత్పలమాలలో పాదాదిని ఉన్న గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుంది. తక్కినదంతా అదే కదా అని దానిని ఉత్పలమాల అన్నవాడికి నా తరగతిలో సున్నాయే!

కిరణ్ రెక్కల కొస నుంచి కొసకు 10.7 మీటర్లు. 72వ వంతు నమూనాలో సుమారు 149 మిల్లీమీటర్లు. స్కేలు పట్టి కొలిచే ఓపిక పదేళ్ల పిల్లకుంది, పెద్దలకే లేదు.

కిరణ్ కిట్టు దొరకలేదన్నారు. దొరకకుంటే అట్టతో చేయించవచ్చు. అదీ కాదంటే చీటీ మీద "హాక్" అని రాయవచ్చు, దానికి దమ్మిడీ ఖర్చు లేదు.

"పిల్లలకేం తెలుస్తుంది లెండి" అన్నారు. తెలియదు కనుకనే కదా చీటీ! నేను తప్పు చెప్పిన రోజున, మరునాడు నల్లబల్ల మీద దిద్దుకొన్నాను. ఆ చీటీ సాయంత్రం దాకా అక్కడే ఉంది.