గాలి పద్దులో మన జిల్లాలు

ఈ మధ్య మన మిత్రుల్లో ఒక వాదం బలపడుతోంది. భూమి వేడెక్కుతున్న మాట నిజమే గాని, దేశాల వారీగా వాయువులు లెక్కగట్టడమనేది సామ్రాజ్యవాదులు మన మెడకు తగిలించిన గుదిబండ అనీ, మన పరిశ్రమలను ఎదగనివ్వకుండా చేయడానికే ఈ పద్దులు పుట్టాయనీ వారంటున్నారు. విద్యార్థి సభల్లో ఈ మాటకు చప్పట్లు కూడా పడుతున్నాయి. ఇందులో సగం నిజముంది. అందుకే దీనికి జవాబు చెప్పవలసి వస్తోంది.

ఆ సగం నిజమేమిటో ముందు ఒప్పుకుందాం. 1990 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ మన వరిపొలాల మీద ఒక లెక్క వేసింది. భారతదేశపు వరిమళ్లు ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేను వాయువును గాలిలోకి వదులుతున్నాయట! మోకాలిలోతు బురదలో నాటు వేసే కూలితల్లిని తెచ్చి, కార్లు తోలే దేశాల సరసన ముద్దాయిగా నిలబెట్టారు. బతకడానికి వదిలే వాయువూ, విలాసానికి వదిలే వాయువూ ఒకటెలా అవుతాయని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. కాని ఆ అంకెను పడగొట్టింది మరొక పని. డాక్టర్ ఎ.పి. మిత్రా నాయకత్వాన ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల వారు 1991లో దేశంలోని వరిపొలాలకు వెళ్లి, పైరు మీద పెట్టెలు బోర్లించి, లోపలి గాలిని సిరంజిలతో తీసి పరీక్షించారు. తేలింది ఏటా సుమారు 40 లక్షల టన్నులు. అంటే అమెరికా వారు మన నెత్తిన పెట్టిన దానిలో తొమ్మిదో వంతు!

మన మిత్రులు ఈ కథను సగందాకా చెప్పి ఆపేస్తారు. మనం కొలవకపోతే మనల్ని ఇంకొకరు కొలుస్తారన్న రెండో సగం చెప్పరు. వడ్డీవ్యాపారి పద్దు అబద్ధమైతే రైతు చేయవలసింది తానే అక్షరం నేర్చి ఎదురు పద్దు రాయడం గాని, లెక్కలే పాపమనడం కాదు.

ఆ తరువాత ఎదురు పద్దు తయారైంది. భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి మొదటి నివేదికను 2004లో సమర్పించింది. 2024 డిసెంబరులో సమర్పించిన నివేదిక ప్రకారం, 2020లో దేశం వదిలిన వాయువులు సుమారు 296 కోట్ల టన్నులు. అందులో నూటికి 75 పాళ్లకు పైగా ఇంధనాలది. కరెంటు ఉత్పత్తి ఒక్కటే నూటికి 39. పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఎంత బొగ్గు కాల్చాం, టన్నుకు ఎంత బొగ్గుపులుసు వాయువు వస్తుంది, ఈ రెంటినీ గుణించడమే. మన బొగ్గులో బూడిద ఎక్కువ గనుక పరాయి దేశపు గుణకం మనకు పనికిరాదు, సొంత గుణకం కావాలి. ఇంతవరకూ ఈ శాస్త్రజ్ఞుల కృషికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

నా పేచీ ఇక్కడి నుంచి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ముక్కలైనా పాత పేర్లతోనే పిలుస్తాను; గోదావరికి ఇరువైపులా ఉన్న బొగ్గు ఒక్కటే గదా. రామగుండంలో ఎన్టీపీసీ పాత కేంద్రం 2,600 మెగావాట్లు. పక్కనే 2023, 24ల్లో వచ్చిన తెలంగాణ ప్రాజెక్టు 1,600. ఏరు దాటితే జైపూర్‌లో సింగరేణి వారిది 1,200. బొగ్గుతో చేసే యూనిట్ కరెంటుకు వెలువడే వాయువు ఇంచుమించు ఒక కిలో. పాత కేంద్రం పూర్తి శక్తితో ఒక్క గంట నడిస్తే ఎన్ని వేల కిలోలో తరగతిలో పిల్లలచేత కట్టిస్తే, వాళ్లే నోరు తెరుస్తారు. ఆ కరెంటు తమిళనాడుకూ, కర్ణాటకకూ, కేరళకూ, గోవాకూ పోతుంది. వాయువును కాల్చినచోటే రాస్తారు, వెలిగినచోట రాయరు. బూడిద చెరువు మాత్రం ఏ పద్దులోనూ లేకుండా ఇక్కడే ఉంటుంది.

విద్యుత్ కేంద్రాల వారీ లెక్క రహస్యమేమీ కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దానిని 2006 నుంచి ప్రకటిస్తూనే ఉంది. ఇంగ్లీషులో, ఢిల్లీలో! గోదావరిఖని పౌరుడికి అది చంద్రమండలంలో ఉన్నట్టే.

బొగ్గుబాయి సంగతి ఇంకా విచిత్రం. బాయిలో గ్యాసును మనవాళ్లు మొదట కొలిచింది ప్రాణం కోసం. షిఫ్టుకు ముందు సర్దారు గ్యాసు చూసి గాని మనుషుల్ని లోపలికి పంపడు. ఆ గ్యాసు మోతాదును బట్టే చట్టం గనులను మూడు డిగ్రీలుగా విభజించింది. జాతీయ పద్దుకు కావలసిన గుణకాలను ధన్‌బాద్ పరిశోధకులు ఈ డిగ్రీల వారీగానే కట్టారు. మొదటి డిగ్రీ భూగర్భ గనిలో టన్ను బొగ్గు తీస్తే 2.91 ఘనపు మీటర్ల మీథేను, ఓపెన్‌కాస్టులో 1.18. కాబట్టి భూగర్భ గని మూసి ఓపెన్‌కాస్టు తవ్వితే పద్దులో టన్నుకు గ్యాసు సగానికి పైగా తగ్గుతుంది. ఆ కాగితం మీద ఇది ప్రగతి! ఊళ్లు లేచిపోయాయి, పంటభూమి పోయి మట్టిగుట్టలు లేచాయి, బ్లాస్టింగులకు ఇళ్లగోడలు నెర్రెలిచ్చాయి. వీటికి గుణకం లేదు. 1990-91లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు 2 కోట్ల టన్నుల లోపు బొగ్గు తీసేవారు. 2023-24లో 7 కోట్ల టన్నులు తీసినప్పుడు సంస్థ సొంత కార్మికులు 40 వేల చుట్టుపక్కల. మిగతా పని కాంట్రాక్టరుది. బొగ్గు తగ్గలేదు, తట్ట మోసిన ఫిల్లరు మాయమయ్యాడు.

అడవి పద్దు కూడా ఇలాంటిదే. 2020లో అడవులూ భూములూ కలిసి పీల్చుకున్న వాయువు సుమారు 52 కోట్ల టన్నులట. అందులో ఆదిలాబాద్ టేకు అడవికీ వాటా ఉంది. ఆ జమ దేశం ఖాతాలో పడుతుంది. అడవిని కనిపెట్టుకుని ఉన్న గోండుకూ, కోలామ్‌కూ 2006 చట్టం కింద పట్టా అడిగితే కాగితాలు తెమ్మంటారు.

ఇక భవిష్యత్తు అంచనాలు. 2070 నాటికి నికరంగా వాయువులు సున్నా చేస్తామని 2021లో గ్లాస్గోలో ప్రధాని ప్రకటించారు. అందుకు దీర్ఘకాలిక వ్యూహాన్ని 2022లో సమర్పించారు. ఏ సంవత్సరానికి దేశానికి ఎంత కరెంటు కావాలో, అందులో బొగ్గు వాటా ఎంతో గీతలు గీస్తారు. ఆ గీత కిందికి దిగుతున్న కొద్దీ మందమర్రిలో ఎవరి పని పోతుందో, ఏ ఏడాది పోతుందో కూడా అదే యంత్రం మీద లెక్కగట్టవచ్చు. శాస్త్రం అందుకు అడ్డు రాదు. అడిగినవాడు లేడు, అంతే. రామగుండంలో 1971 నాటి 62.5 మెగావాట్ల పాత కేంద్రం 2024లో మూతపడింది. పద్దులో అదొక తీసివేత.

మన సంఘాలు అడగవలసినవి ఇవి. వాయువుల లెక్క జిల్లాల వారీగా, ఫ్యాక్టరీల వారీగా, గనుల వారీగా తెలుగులో ప్రకటించాలి. కరెంటు ఎక్కడ ఖర్చయిందో పక్క గడిలో రాయాలి. అంచనా వేసిన ప్రతి సంవత్సరం ఎదుట కాంట్రాక్టు కార్మికులతో సహా ఎన్ని పనులు ఉంటాయో, ఎన్ని పోతాయో, పోయినవారికి ఏమిస్తారో చూపాలి. ఈ గడులు నింపడానికి కావలసిన అంకెల్లో సగం గని ఆఫీసు రిజిస్టర్లలోనే ఉన్నాయి. మిగతా సగాన్ని రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి కాలేజీల సైన్సు విద్యార్థులు ఒక్క వేసవిలో పోగుచేయగలరు.