దీపం ఆర్పితే దోషం పోదు

ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బండి డాష్‌బోర్డు మీద మాత్రం ఈ రెండూ కాని బొమ్మల భాష. అన్నూరు చుట్టుపక్కల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పది పదిహేనేళ్ల నాటి కారో, జీపో, వ్యానో ఇంకా తిరుగుతున్న ఇళ్లు తక్కువేం కాదు. అలాంటి పాత బండ్లలో తాళం తిప్పగానే వెలిగిన పసుపు దీపాలు కొన్నిసార్లు ఊరు దాటినా ఆరవు. ఒకటి ఏబీఎస్ అంటుంది. పక్కనే జారుతున్న కారు బొమ్మ మరొకటి. ఒక్కోసారి ఎర్రటి ఆశ్చర్యార్థకం గుర్తు కూడా వాటికి తోడవుతుంది. "లైటే గదా, వెలగనీ. బండి పోతా ఉంది, బ్రేకు పడతా ఉంది" అని సర్దుకుపోవడం అలవాటైపోయింది. మరీ చికాకు పెడితే బల్బు పీకించెయ్యడం, నల్ల టేపు అతికించడం, లేదా ఆ తీగను పక్క దీపం తీగకు కలిపేసి అంతా బాగున్నట్టు చూపించడం. బండిని అమ్మకానికి పెట్టే ముందు ఈ పనులు మరింత చురుగ్గా సాగుతాయి. రోగం కుదర్చకుండా రోగి నోరు కట్టేయడమంటే ఇదే.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. అన్నూరు నుంచి ఒక దారి కోయంబత్తూరుకు, ఒకటి అవినాశికి పోతే, మిగిలిన రెండూ కొండల దిక్కుకే పోతాయి. పడమటి దారి మేట్టుపాళయం చేరి కూనూరు, కోతగిరి ఘాట్లు ఎక్కుతుంది. రెండోదాని మీద సత్యమంగళం, బన్నారి దాటితే దింబం ఘాటు, 27 హెయిర్‌పిన్ మలుపులు. గుడికో, పెళ్లికో, సరుకు తేవడానికో ఇంటిల్లిపాదీ ఎక్కిన బండి ఆ మలుపుల్లో దిగాల్సిందే. సంతకు పోయి వచ్చినన్నాళ్లూ లోపం బయటపడదు. వానకు తడిసిన మలుపులో ఎదురుగా లారీ వచ్చి, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కినప్పుడే బయటపడుతుంది. అప్పుడు తెలిసి లాభమేమిటి?

రెండు దీపాలు, ఒకే మూలం

అసలు ఆ దీపాలు ఏం చెబుతున్నాయో తెలుసుకుంటే సగం భయం, సగం నిర్లక్ష్యం రెండూ పోతాయి. ఏబీఎస్ కార్లలోకి వచ్చి దశాబ్దాలైంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. అంతకు ముందే చాలా మోడళ్లలో ఉండేది. ఆ బండ్లే ఇప్పుడు రెండో చేతికి, మూడో చేతికి మారుతున్నాయి. నాలుగు చక్రాల దగ్గరా ఒక్కో సెన్సరు ఉంటుంది. చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో అది కంప్యూటరుకు చెబుతుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఒక చక్రం బిగుసుకుపోతే, దాని బ్రేకును క్షణంలో పలుమార్లు వదిలి పడుతుంది. అందుకే స్టీరింగు చేతికి లొంగి ఉంటుంది. ట్రాక్షన్ కంట్రోలు పని దీనికి తిరగబడి ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు చక్రం ఉత్తినే గిర్రున తిరిగితే దాన్ని పట్టి ఆపుతుంది. రెండూ ఆధారపడేది ఆ నాలుగు సెన్సర్ల మీదే. కాబట్టి రెండు దీపాలు కలిసి వెలిగితే రెండు రోగాలనుకోనక్కర్లేదు. చాలాసార్లు ఒకే చిన్న తీగ తెగి ఉంటుంది.

పసుపు ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పని చేస్తుంది, ఆ అదనపు కాపుదల మాత్రం ఉండదు. నిదానంగా వర్క్‌షాపుకు తీసుకుపోవచ్చు. హ్యాండ్ బ్రేకు దించినా ఎర్ర దీపం ఆరకపోతే మాత్రం బండి పక్కకు తీసి ఆపాల్సిందే. ఎరుపూ పసుపూ కలిసి వెలిగినప్పుడు సందేహమే పెట్టుకోకూడదు.

"మా తాతలు ఏ ఏబీఎస్సూ లేకుండా ఊటీ దిగి రాలేదా?" అని అడిగేవాళ్లున్నారు. దిగారు, నిజమే. తమ బండికి అది లేదని తెలిసి, దానికి తగ్గట్టు తొక్కుతూ వదులుతూ దిగారు. పైగా ఆ కాలపు చాలా కార్లలో వెనక చక్రాలకు పోయే బ్రేకు బలాన్ని తగ్గించడానికి విడిగా ఒక వాల్వు ఉండేది. తర్వాతి బండ్లలో ఎన్నింటికో ఆ వాల్వు తీసేసి, ఆ పని కూడా ఏబీఎస్ కంప్యూటరుకే అప్పగించారు. అది పూర్తిగా పడుకుంటే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి గిరగిరా తిరిగిపోయే ప్రమాదముంది. అంటే ఏబీఎస్ చెడిన కొత్తకాలపు బండి, ఏబీఎస్సే లేని పాతకాలపు బండితో సమానం కాదు.

ఖర్చు లేనివి ముందు

దీపం వెలగ్గానే కంప్యూటరు మార్చాలి, వేలకు వేలు అవుతుందని బెదిరిపోవడం రెండో పొరపాటు. వెతకడానికి ఒక వరస ఉంది. ముందు బ్రేకు ఆయిలు మట్టం చూడాలి. తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. ఆ రెండూ చూడకుండా డబ్బాలోంచి పోసి మూత పెట్టేస్తే దీపం ఆరుతుంది, ప్రమాదం ఆరదు. బ్రేకు తొక్కి వెనక ఎర్ర లైట్లు పడుతున్నాయో లేదో ఇంకొకరిని చూడమనాలి. పెడలు కింది స్విచ్చి చెడితే కూడా ఈ దీపాలు వెలుగుతాయి. బ్యాటరీ నీరసించి వోల్టేజి పడిపోయినా అంతే. నాలుగు టైర్లూ ఒకే సైజువేనా, ఒకటి కొత్తది మూడు అరిగినవా అన్నది కూడా చూడాలి. చక్రాల వేగాల్లో తేడా వస్తే కంప్యూటరు జారుతున్నట్టు పొరబడవచ్చు.

ఆ తర్వాతే స్కానరు. ఇంజను కోడ్లు మాత్రమే చదివే చవక యంత్రం ఇక్కడ పనికిరాదు, ఏబీఎస్ కోడ్లు చదివేది కావాలి. అది "ఎడమ ముందు చక్రం సెన్సరు" అని చూపిస్తే అది చిరునామా మాత్రమే, దొంగ పేరు కాదు. సెన్సరు బాగానే ఉండి, స్టీరింగు తిప్పినప్పుడల్లా వంగే చోట తీగ తెగి ఉండవచ్చు. ఎలుక కొరికి ఉండవచ్చు. సెన్సరు మొనకు ఇనుప రజను పట్టి ఉండవచ్చు. పళ్ల రింగు పగిలి ఉండవచ్చు. బేరింగు వదులై ఉండవచ్చు. కొన్ని బండ్లకు బేరింగులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది, దాన్ని తిరగేసి బిగిస్తే దీపం ఆరదు. అందుకే "లైటు ఎప్పటి నుంచి? అంతకు ముందు ఏ పని చేయించారు?" అని అడిగే మెకానిక్కును నమ్మవచ్చు. బండి మెల్లగా నడుపుతూ నాలుగు చక్రాల వేగాలూ స్కానరులో చూస్తే, మూడు సరిగ్గా చూపుతుండగా ఒకటి సున్నాకు పడిపోయే చోటు తెలుస్తుంది. కంప్యూటరు, హైడ్రాలిక్ యూనిట్ల వంతు అన్నిటికన్నా చివర.

ఇక్కడ తప్పు ఒక్క మెకానిక్కులదే అనడం అన్యాయం. అరగంట వెతికి తెగిన తీగ అతికినవాడికి కూలి ఇవ్వడానికి చేతులు రావు. "ఏం మార్చావని ఇంత?" అని గొడవ. అదే సెన్సరు మార్చానంటే మారు మాట్లాడకుండా ఇచ్చేస్తారు. వెతికినందుకు విలువ లేనిచోట సామాను మార్చడమే వైద్యమవుతుంది. వెతికే పనికి కూలి ముందే మాట్లాడుకోవడం, మార్చిన పాత సామాను చేతికి అడిగి తీసుకోవడం, రెండూ అలవాటు కావాలి.

ఈ నేల మెకానిక్కులకు పేరున్న నేల. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడు కుర్రతనంలో మోటారు సైకిలు కొని, విప్పి, మళ్లీ బిగించి దాని మర్మం తెలుసుకున్నారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నడిపారు. విప్పి చూసి కారణం కనుక్కోవడం ఆయన చూపిన దారి. టేపు అతికించడం ఆ దారి కాదు.

అధికారులూ చెయ్యాల్సింది ఉంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండ్లకు ఏటేటా ఎఫ్.సి. ఉంది. సొంత కార్లకు పదిహేనేళ్లకు రిజిస్ట్రేషను తిరగరాయించాలి. అప్పుడు పొగతో పాటు ఈ దీపాలనూ పట్టి చూడాలి. తాళం తిప్పగానే దీపం వెలగాలి, కాసేపటికి ఆరాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగనే వెలగకపోతే అంతకన్నా పెద్ద లోపం, దాన్ని ఎవరో పీకేశారన్నమాట. పాత బండి కొనేవాళ్లకు కూడా ఇదే మొదటి పరీక్ష, పైసా ఖర్చు లేని పరీక్ష.

ఒక్క మాట మరువకూడదు. దీపం ఆరినంత మాత్రాన ఘాటులో బ్రేకులు కాపాడతాయనీ కాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వేడి దాకా మరగకుండా నిలవాలి. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. మరిగితే పెడలు నేలకు దిగిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిలు మార్చడం, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగడం పాత డ్రైవర్లు చెప్పిన మంచి మాటలే.

దింబం కొనమీద నిలబడి కిందికి చూసినప్పుడు కుటుంబమంతా నమ్ముకునేది ఆ పెడలునే. అది బాగాలేదని బండే ముందుగా చెబుతుంటే వినకపోవడం ఏం తెలివి?