మంచితనమంటే పడి ఉండటమేనా?

ఈ వారం వంటిల్లు సర్దుకున్నాక, మధ్యాహ్నాలు రంగనాయకమ్మ గారి ‘బలిపీఠం’ మళ్ళీ చదివాను. 1975లో శోభన్‌బాబు, శారదలతో సినిమాగా వచ్చింది కదా, ఆ నవలే. జబ్బుమనిషి, బ్రాహ్మణ వితంతువు అయిన అరుణని దళిత యువకుడు భాస్కర్ పెళ్ళి చేసుకుంటాడు. ఆమె కోలుకున్నాక కులగర్వం ఆ కాపురాన్ని తినేస్తుంది.

మా నరసరావుపేటలో చదివినవాళ్ళంతా అనేది ఒకటే: “భాస్కర్ ఎంత మంచివాడో, అన్నీ ఓర్చుకున్నాడు!” ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అవమానించినవాళ్ళని వదిలేసి, పడ్డవాళ్ళ ఓర్పుని పొగడటం ఏం న్యాయం? రచయిత్రి ఆ పుస్తకానికి పెట్టిన పేరు బలిపీఠం అండీ, గుడి కాదు! ఆవిడ కూడా మంచిదనిపించుకోవడం కోసం సరిపడని కాపురంలో కూర్చోలేదు. 1970లో బయటికి వచ్చేశారు.

మన పల్నాడులో మాత్రం, భర్త పట్టించుకోకపోయినా ఎదురుచూసిన మాంచాలకి దణ్ణాలు. మంత్రిగా రాజ్యం నడిపిన నాగమ్మకి తిట్లు.

ఇంత మాట్లాడే నేను మొన్న పెళ్ళిచూపుల్లో ఏమన్నానో తెలుసా? “మా అమ్మాయి చాలా మంచిదండీ, నోరెత్తదు.” గుమ్మం పక్కన నిలబడి నా కూతురు విన్నది. వాళ్ళు వెళ్ళాక చెప్పాను: “తప్పయిపోయింది తల్లీ. మంచిగానే ఉండు. నోరు మాత్రం కుట్టేసుకోకు.”