కిటికీ అద్దానికి కూలింగ్ పేపరు: ఆగే ఎండ ఎంత, దండగయ్యే డబ్బెంత?

పల్నాడు ఎండల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు వింటేనే రాష్ట్రమంతటికీ మండే ఎండ జ్ఞాపకం వస్తుంది. అయితే ఎండ పాతదే గాని, అది ఇంట్లోకి వచ్చే దారి కొత్తది. ఒకప్పుడు మన పల్లెల్లో కిటికీ అంటే నాలుగు ఊచలు, రెండు చెక్క తలుపులు. ఎండ ముదిరితే తలుపు వేసేవారు, గాలి కావాలంటే తీసేవారు. ఇప్పుడు కడుతున్న డాబాల్లోనూ, ప్రభుత్వ భవనాల్లోనూ చెక్క తలుపులకు బదులు పక్కకు జరిపే అద్దాల కిటికీలు పెడుతున్నారు. చెక్క ఎండను ఆపేది. అద్దం ఆపదు. సాదా అద్దం తన మీద పడిన వెలుతురులో దాదాపు 90 శాతాన్ని, ఎండ వేడిలో 80 శాతానికి పైగా లోపలికి వదిలేస్తుంది.

దీనివల్ల కలిగే ఇబ్బంది ఇళ్ళలో కంటే ఆఫీసుల్లోనూ, బడుల్లోనూ ఎక్కువ. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు ప్రారంభమైన తరువాత ఊళ్ళోకే కంప్యూటరు వచ్చింది. 2023లో నాడు–నేడు పనులు జరిగిన ప్రభుత్వ పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి పై తరగతులకు గోడకు పెద్ద డిజిటల్ తెరలు బిగించారు. నున్నటి తెర సగం అద్దం కింద లెక్క. దానికి ఎదురుగా కిటికీ ఉందంటే తెర మీద పాఠానికి బదులు కిటికీయే కనిపిస్తుంది. ఈ మూల కూర్చున్న పిల్లకు అక్షరాలు కనబడతాయి, ఆ మూల కూర్చున్న పిల్లవాడికి తెల్లటి మచ్చ కనబడుతుంది. "కనబడడం లేదు సార్" అని వెనుక బెంచీవాడు అంటే మాస్టారు కిటికీలు మూయిస్తారు. కిటికీలు మూస్తే ఉక్క. ఉక్కకు తాళలేక తెరిస్తే మళ్ళీ జిగేలు. లక్షల ఖర్చుతో వచ్చిన సామాను ఉండీ, ఒక మూల పిల్లలకు పాఠం అందకపోవడం శోచనీయం.

కళ్ళు చెదరడానికి కారణం కేవలం వెలుతురు ఎక్కువ కావడం కాదు, పక్కపక్కనే ఉన్న రెండు వెలుతురుల మధ్య తేడా. నడినెత్తి ఎండలో నేల మీద పడే వెలుతురు సుమారు లక్ష లక్స్ ఉంటుంది (లక్స్ అంటే వెలుతురుకు కొలమానం). రాతపని చేసుకునే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ ఉంటే చాలు. కన్ను ఎప్పుడూ ఎక్కువ వెలుతురుకే సర్దుకుంటుంది. కాబట్టి కిటికీ మిలమిలలాడుతున్నప్పుడు దాని పక్కనున్న కాగితం, తెర, ఎదుటివారి ముఖం అన్నీ చీకటిగా కనిపిస్తాయి. కిటికీకి వీపు పెట్టి నిలబడిన వ్యక్తిని సెల్‌ఫోనుతో ఫోటో తీస్తే ముఖం నల్లగా పడేదీ ఇందుకే.

పట్నంలో అద్దాల దుకాణాలవారు దీనికి చెప్పే మందు కూలింగ్ పేపరు. సన్ ఫిల్మ్ అని కూడా అంటారు. చుట్టలుగా తెచ్చి, చదరపు అడుగుల లెక్కన అతికించి పోతారు. మంచిదే. కాని ఇళ్ళలో అయితే సొంత డబ్బు, బడుల్లోనూ సచివాలయాల్లోనూ అయితే ప్రజల డబ్బు. పెట్టేముందు అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో విచారించుకోవడం అవసరం.

నల్లదనం వేరు, చల్లదనం వేరు

పేరుకు పేపరే గాని అందులో కాగితం లేదు. అది పాలియెస్టర్ పొర. సాధారణ రకం మందం మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యో వంతు. 1960లలో అమెరికాలో బయలుదేరిన ఈ సరుకు ఇప్పుడు మనదేశంలోనే తయారవుతోంది. మహారాష్ట్రలో ఒకప్పటి ఔరంగాబాదు, నేటి ఛత్రపతి శంభాజీనగర్‌లో గర్వారే కంపెనీ దీనిని చేస్తోంది.

ఎండలో మూడు భాగాలున్నాయి. కంటికి కనిపించే వెలుతురు సగం కంటే కొంచెం తక్కువ. కనిపించకుండా వేడినిచ్చే పరారుణ కిరణాలు సుమారు సగం. బట్టలను, రంగులను వెలిసిపోయేట్టు చేసే అతినీలలోహిత కిరణాలు కొద్ది శాతం. మంచి ఫిల్మ్ ఏదైనా ఈ మూడోదానిని దాదాపు 99 శాతం ఆపుతుంది. దుకాణంలో "సార్, 99 శాతం ఆపుతుంది" అని చెప్పేది చాలాసార్లు ఈ అంకెనే. కొన్నవాడు వేడి 99 శాతం ఆగుతుందని అనుకుంటాడు. రెండింటికీ ఎంతో తేడా ఉంది.

చవక రకంలో రంగు మాత్రమే ఉంటుంది. అది వెలుతురును మింగుతుంది. మింగిన వేడి ఎక్కడికి పోతుంది? అద్దం కాగుతుంది, ఆ వేడిలో కొంత బయటికి, కొంత మళ్ళీ గదిలోకే వస్తుంది. గది చీకటిగా కనిపిస్తుంది గనుక చల్లబడినట్టు తోస్తుంది, అంతే. రెండు మూడు వేసవులు గడిచేసరికి ఇలాంటి నాసిరకం రంగు ఊదాగా మారి, బుడగలు లేచి, అంచులు ఊడుతాయి. రెండో రకంలో పలుచని లోహపు పూత ఉంటుంది. అది ఎండను వెనక్కు కొడుతుంది, కాబట్టి వేడి బాగా తగ్గుతుంది. మూడోది సిరామిక్ రకం. చూడటానికి తేటగా ఉంటూనే పరారుణ వేడిని పట్టేస్తుంది, ఖరీదూ ఎక్కువే. అందుచేత నల్లదనం చూసి చల్లదనం కొనరాదు. దుకాణదారును అడగవలసిన అంకెలు రెండు: మొత్తం ఎండ వేడిలో ఎన్ని పాళ్ళు ఆగుతుంది, వెలుతురు ఎన్ని పాళ్ళు లోపలికి వస్తుంది. కంపెనీ కాగితం మీద ఈ రెండూ అచ్చువేసి ఉంటాయి. చూపించలేని దుకాణంలో కొనకపోవడమే క్షేమం.

వెలుతురు మరీ తగ్గించడం కూడా నష్టమే. పట్టపగలు లైటు వేసుకోవలసి వస్తే ఎండ తగ్గిన సంతోషం కరెంటు బిల్లులో పోతుంది. ముసురు పట్టిన శ్రావణంలో ఈ సంగతి బాగా తెలిసొస్తుంది. వేసవి పోయిందని పొరను మడిచి దాచుకోవడానికి అది కర్టెన్ కాదు గదా. పెద్ద నివాస సముదాయాల కోసం కేంద్రం 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, కిటికీల వాటా గోడలో 30 శాతానికి మించని భవనాల్లో అద్దం కనీసం 27 శాతం వెలుతురును రానివ్వాలి. మన పల్లెటూరి ఇళ్ళకు ఆ నిబంధన వర్తించకపోయినా, లెక్క మాత్రం మనకూ పనికివస్తుంది. కిటికీలు చిన్నవైన ఇంట్లో అంతకంటే నల్లటిది అతికిస్తే అది గది కాదు, గాదె.

రాత్రి తిరగబడే అద్దం

లోహపు పూత ఫిల్మ్‌ను చాలామంది ఎండ కోసం కాదు, చాటు కోసం వేయించుకుంటున్నారు. వీధి పక్క ఇళ్ళలో పడకగది కిటికీకో, స్నానాలగది వెంటిలేటరుకో అద్దంలా మెరిసే పొర అతికిస్తారు. పగటిపూట బయటివారికి తమ ముఖమే కనిపిస్తుంది, లోపలిది కనబడదు. ఆ ధీమాతో కర్టెన్ తీసేస్తారు. చీకటిపడి లోపల లైటు వేయగానే వ్యవహారం తలకిందులవుతుంది. ఎటు వెలుతురు ఎక్కువుంటే అటువారికి అద్దం, అటు తక్కువున్న వారికి కిటికీ. లోపలివారికి తమ ప్రతిబింబమే కనిపిస్తుంది గనుక బయటివారికీ ఏమీ కనబడదనుకుంటారు. కాని వీధిలోవారికి లోపలిదంతా కనిపిస్తూనే ఉంటుంది. ఆడపిల్లలున్న ఇళ్ళలో ఈ సంగతి ముందుగానే తెలియాలి. పొర వేసిన రోజు రాత్రి లైటు వేసి, ఇంట్లోవారొకరు వీధిలోకి వెళ్ళి చూస్తే తెలిసిపోతుంది. రాత్రికి పరదా తప్పదు. చాటు ఒక్కటే కావలసినచోట పాలరంగు మసక పొర మేలు. అది ఏ వేళలోనూ ఆరపార కనిపించనీయదు. అయితే దాన్ని నేరుగా ఎండపడే కిటికీకి వేస్తే అద్దమంతా తెల్లగా వెలిగి కళ్ళకు మరింత బాధ.

మరొక చిక్కు అద్దం పగలడం. వేడిని మింగే ముదురు పొరను మందపాటి సాదా అద్దానికి, లోపల తీగవల ఉన్న అద్దానికి వేస్తే, నడుమ భాగం కాగి, ఫ్రేము నీడన ఉన్న అంచు చల్లగా ఉండి, అద్దం దానంతటదే బీటలిచ్చే అవకాశముంది. టఫెన్డ్ అద్దానికి ఈ భయం తక్కువ. పొర వేసిన అద్దం పగిలితే పెంకులు పొరకు అంటుకుని ఎక్కువగా చెదిరిపోకుండా ఉంటాయన్నది మాత్రం దానివల్ల కలిగే ఒక మేలు. ఆ పని కోసమే మందపు రకాలు విడిగా ఉన్నాయి.

తెరిచిన కిటికీకి ఫిల్మ్ లేనట్టే

అన్నిటికంటే ముఖ్యమైన విషయాన్ని అమ్మేవారు చెప్పరు. ఈ పొర పనిచేసేది కిటికీ మూసి ఉన్నప్పుడే. ఏసీ ఉన్న గదికి ఇది బాగా తగినది. కరెంటు ఖర్చు తగ్గే మాట అక్కడ నిజం. ఏసీ లేని ఇంట్లో, ఫ్యానూ గాలీ నమ్ముకున్న తరగతిలో వేసవి సాయంత్రం కిటికీ మూసుకుని ఎవరు కూర్చుంటారు? తెరవగానే అద్దం పక్కకు జరుగుతుంది, ఎండ మామూలుగా వస్తుంది. ఈ మాట విన్నాక సగంమంది చేతిలోని డబ్బు జేబులో పెట్టుకోవచ్చు.

ఎండను అద్దం దాటాక పట్టడం కంటే అద్దం మీద పడకముందే ఆపడం ఎప్పుడూ సులువు. పాత నాపరాళ్ళ ఇళ్ళలో పంచ, వసారా, వాకిట్లో పందిరి చేసిన పని అదే. సన్‌షేడు కూడా అదే పని చేస్తుంది, అయితే అన్ని దిక్కులా ఒకేలా కాదు. మన జిల్లాలో మే మొదటి వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడుంటే చాలు. పడమటి కిటికీ సంగతి వేరు. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు ఎండ ఏటవాలుగా వస్తుంది. అదే రెండడుగుల సన్‌షేడు కిటికీ మీద అడుగుకు మించి నీడ ఇవ్వదు. కనుక ఫిల్మ్ గురించి ఆలోచించవలసింది తూర్పు, పడమర కిటికీలకే. ఉత్తరపు కిటికీకి వేయించడం కేవలం దండగ. పడమటివైపు కూడా ముందు బయట తడక గాని, నర్సరీలవారు కట్టే పచ్చవల గాని, దూరంగా ఒక వేపచెట్టు గాని వీలవుతుందేమో చూడాలి. వీటికి కిటికీ తెరిచి ఉన్నా ఫరవాలేదు, గాలి ఆగదు.

ఆఫీసుల్లో దమ్మిడీ ఖర్చులేని ఉపాయం ఒకటుంది, బల్ల తిప్పడం. తెర వెనుక కిటికీ ఉండరాదు, తెరకు ఎదురుగానూ ఉండరాదు. పక్కన ఉండాలి. వేలిముద్ర తీసుకునే యంత్రం మీద కూడా నేరుగా ఎండ పడకుండా చూడాలి. ముసలివారు నాలుగుసార్లు వేలు పెట్టవలసి రావడానికి అరిగిన వేలితోపాటు ఈ ఎండ కూడా ఒక కారణం కావచ్చు. బడుల్లో తెరను గోడకు బిగించేశారు గనుక తిప్పడం కుదరదు. అక్కడ మొత్తం గదికి కాక, తెరలో ప్రతిబింబం పడే ఒకటి రెండు కిటికీలకు మందపాటి పరదా కట్టినా, 35 శాతం వెలుతురు వదిలే పొర వేయించినా సరిపోతుంది. ఏ కిటికీయో పిల్లల్నే అడిగితే చెబుతారు. ఏ బెంచీ నుంచి ఏ మచ్చ కనిపిస్తుందో వాళ్ళకు తెలిసినట్టు ఇంజనీర్లకు తెలియదు.

ఇళ్ళకు ఫిల్మ్ వేస్తే పోలీసులు అడుగుతారేమోనని కొందరి సందేహం. ఆ నిబంధన వాహనాలకు సంబంధించినది. కార్ల అద్దాలకు ఫిల్ములు అతికించరాదని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు సవరించిన తరువాత, ముందు వెనుక అద్దాలకు 70 శాతం, పక్క అద్దాలకు 50 శాతం వెలుతురు వదిలేవి వేసుకోవచ్చని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో అన్నది. ఇంటి కిటికీకి ఈ చట్టంతో పని లేదు.

జిల్లాలో ఇకపై కట్టబోయే పంచాయతీ, పాఠశాల భవనాల అంచనాల్లో పడమటి గోడకు అద్దం రాసేముందే నీడ ఖర్చు కూడా రాయమని గ్రామసభలో అడిగే హక్కు ప్రజలకుంది. కట్టాక ఏటేటా పొరలు అతికించే ఖర్చు కంటే అది తక్కువే అవుతుంది. ఇప్పటికే అద్దాలు పెట్టుకుని, ఫిల్మ్ వేయించక తప్పనివారు బిల్లు మీద కంపెనీ పేరు, రకం, వెలుతురు శాతం, గ్యారంటీ ఏళ్ళు రాయించుకోవాలి. పొరను అద్దానికి లోపలివైపే వేయించాలి. బయట వేసేందుకు ప్రత్యేకంగా చేసినది అయితే తప్ప వానకూ దుమ్ముకూ నిలవదు. సబ్బునీళ్ళతో అతికిస్తారు గనుక ఆ తడి ఆరడానికి దాదాపు నెల పడుతుంది. ఈలోగా కనిపించే చిన్న నీటి పొక్కులను గోటితో నొక్కరాదు, వాటంతటవే పోతాయి. ఆ తరువాత కూడా మెత్తని గుడ్డతో, ఉత్త సబ్బునీటితోనే తుడవాలి.