లెక్కింపా? పందెమా?

ఎన్నికల ఓట్ల లెక్కింపు అనునది ఒక లెక్క. దానిని పందెముగా మార్చినవారెవరు? ఈ ప్రశ్న వచ్చినప్పుడు మనము రాజకీయపక్షములనే వేలెత్తి చూపుదుము. నేను మాత్రము ఆ నేరములో పెద్దపాలు మన యింటి గోడకు వ్రేలాడుచున్న టెలివిజనుదనియు, తక్కినపాలు దాని యెదుట కూర్చుండి ఆనందించు మనదనియు చెప్పసాహసించుచున్నాను.

2024 జూన్ 4వ తేది ఉదయమున మా బత్తలపల్లెలో ఒక టీ అంగడి ముందర ముప్పది నలుబదిమంది గుమిగూడియుండిరి. మాది ధర్మవరము శాసనసభా నియోజకవర్గము. తెరమీద ఒక పేరు ముందునకు వచ్చును. ఒక గుంపు కేకలు వేయును. కొంతసేపటికి మరియొక పేరు ముందునకు వచ్చును. రెండవ గుంపు కేకలు వేయును. వారిలో ఒక యువకుడు మాత్రము నోరు మెదపక, సెల్‌ఫోనును పిడికిట బిగించి నిలిచియుండెను. అతడు నాయొద్ద చదువుకొన్నవాడే. "ఏమి నాయనా?" యని యడుగగా, "అయివారూ, ఇంగా మన మండలం మిషన్లు తీయలేదంట" అని మాత్రము చెప్పెను. విత్తనపు కాయలకని యింట దాచిన సొమ్మును అతడు పందెమున ఒడ్డి పోగొట్టెనని తరువాత వాని తల్లివలన వింటిని. ఆనాడు మా నియోజకవర్గపు తుదితేడా నాలుగువేల ఓట్లకు లోపే. ఏరువాక ముంగిట విత్తనపు సొమ్ము పోయిన మెట్టసేద్యగాని యింట ఏ పక్షము గెలిచిననేమి, ఏ పక్షము ఓడిననేమి?

ఆ తల్లి కన్నీరు చూచినపిమ్మట, పూర్వము ఈ ఫలితముల రాత్రులు ఎట్లుండెడివో చూడవలెనను తలంపు నాకు కలిగినది. 1984, 1989 సంవత్సరముల లోకసభ ఎన్నికలనాడు దూరదర్శన్ ప్రసారము చేసిన కార్యక్రమముల తునకలు ఇప్పుడు అంతర్జాలమున దొరకుచున్నవి. సెలవుదినములలో పై తరగతి పిల్లలు కొందరిని కూర్చుండబెట్టుకొని వానిని చూచితిని. పిల్లలు మొదట నవ్విరి. నవ్వుటకు కారణము లేకపోలేదు. స్టూడియోలో నేటి మిరుమిట్లు లేవు. తెరక్రింద పరుగులెత్తు అక్షరములు లేవు. పదిమంది ఒక్కసారి అరచుట లేదు. ప్రణయ్ రాయ్ ఆంగ్లమునను, వినోద్ దువా హిందీలోను నెమ్మదిగా మాటలాడుదురు. కంప్యూటరు లెక్కగట్టిన అంకెలు వచ్చును. వానికి అర్థము చెప్పుదురు. చెప్పుట కేమియు లేనప్పుడు సినిమా వేయుదురు! ఫలితములు వచ్చునంతవరకు చలనచిత్రము చూడుడని ప్రభుత్వపు టెలివిజను దేశమునకు చెప్పుట నేటి పిల్లలకు వింతగా తోచినది. నాకు మాత్రము అందొక నిజాయితీ కనబడినది. లేనిదానిని ఉన్నట్లు చూపుటకంటె, లేనప్పుడు లేదని సినిమా వేయుట మేలుకాదా?

ఆ రాత్రులలో వారు చెప్పిన పాఠములు రెండు. ఒకటి స్వింగు: అనగా నూటికి ఎన్ని ఓట్లు ఒక పక్షమునుండి మరియొక పక్షమునకు మరలినవో చెప్పు లెక్క. రెండవది ప్రతిపక్షముల ఐక్యతాసూచిక: అనగా ఎదుటిపక్షముల ఓట్లు ఎంతవరకు ఒక్కచోట కూడినవో, ఎంతవరకు చీలినవో తెలుపు కొలత. ఇవి మన రాష్ట్రమునకు ఎట్లు వర్తించునో చూడుడు. 1984లో ఆంధ్రప్రదేశమున 42 లోకసభ స్థానములలో తెలుగుదేశము 30 గెలిచెను. 1989లో ఆ పక్షమునకు నూటికి 34 ఓట్లు పడియు రెండే స్థానములు దక్కినవి. నూటికి 51 ఓట్లు పొందిన కాంగ్రెసునకు 39 దక్కినవి. ఓట్లలో పది పాళ్లు మరలినంతనే స్థానములలో ఇంత తలక్రిందులగుట యెట్లో మా పిల్లలు పలకమీద లెక్కవేసి తెలిసికొనిరి. పౌరశాస్త్ర పుస్తకములోని ఏ అధ్యాయమును వారికి ఇంత చక్కగా బోధపడలేదు.

ఈ విద్య విదేశమునుండి వచ్చినదే. 1950లో బ్రిటిషు బి.బి.సి. ఎన్నికల ఫలితములను మొదటిసారి టెలివిజనున ప్రసారము చేసిననాడు స్టూడియోలో కూర్చుండి అంకెలకు అర్థము చెప్పినవాడు డేవిడ్ బట్లర్ అను యువపండితుడు. ఆయనే తరువాత ప్రణయ్ రాయ్, అశోక్ లాహిరీలతో కూడి భారతదేశపు ఎన్నికలమీద గ్రంథములు వ్రాసెను. 1952లో అమెరికాలో యూనివాక్ అను కంప్యూటరు కొద్దిపాటి ఓట్లనుబట్టియే ఐసన్‌హోవరు ఘనవిజయము పొందునని లెక్కగట్టగా, సి.బి.ఎస్. సంస్థవారు నమ్మలేక ఆ లెక్కను వెంటనే బయటపెట్టలేదు. చివరకు యంత్రము చెప్పినదే నిజమైనది. వారి సంకోచము నేడు హాస్యాస్పదముగా తోచవచ్చును. కాని తెలియనిదానిని దేశమునకు చెప్పుటకు జంకు జంకే. ఆ జంకు పోయిననాడు ఏమగునో 2000 సంవత్సరమున అదే దేశములో కనబడినది. ఫ్లోరిడా రాష్ట్రము ఒకరిదని ప్రకటించిరి, ఉపసంహరించుకొనిరి, మరియొకరిదని ప్రకటించిరి, దానినిగూడ ఉపసంహరించుకొనిరి. ఒక్క రాత్రిలో నాలుగు మాటలు!

"పాతకాలమంతయు బంగారమనుచున్నావు; ఆనాటి దూరదర్శన్ ప్రభుత్వపు బాకా కాదా?" అని యడుగువారుందురు. అవును, అది ప్రభుత్వశాఖయే. ప్రసారభారతి శాసనము 1990లో పుట్టినను 1997వరకు అమలునకు రాలేదు. ప్రతిపక్షముల గొంతు అందు సన్నగానే వినబడెడిది. పైగా ఢిల్లీనుండి వచ్చు హిందీ, ఆంగ్లములు మా పల్లెలలో ఎందరికి తెలియును? అంకెలు మాత్రమే అందరి భాష. ఆ కాలము మరల రావలెనని నేను కోరుటలేదు. నేడు తెలుగులో ఇన్ని ఛానళ్లుండుట, ఎవరి మాట వారు చెప్పుకొనుట మేలే. కాని గొంతులు పెరిగినవి గదాయని లెక్క తప్పవలెనా? స్వేచ్ఛ వచ్చినదని సత్యమునకు సెలవు చెప్పవలెనా?

ఇక నేటి తెరమీది "లీడు" అనునది ఏమో విచారింతము. మన యిండ్లలో అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూతురు. దీనినే శాస్త్రములలో స్థాలీపులాక న్యాయమందురు. కాని ఆ మెతుకు మాట నమ్మదగినది కావలెనన్న కుండను చక్కగా కలియబెట్టియుండవలెను. లెక్కింపు కేంద్రమున జరుగునదేమి? ఉదయము 8 గంటలకు మొదట తపాలా ఓట్లు. అరగంట పిమ్మట యంత్రములు. సాధారణముగా ఒక నియోజకవర్గమునకు 14 బల్లలు. ఒక్కొక్క రౌండునకు 14 పోలింగు కేంద్రముల యంత్రములు వరుససంఖ్య ప్రకారము వచ్చును. ఒక నియోజకవర్గమున 280 కేంద్రములున్నవనుకొందము: ఇరువది రౌండ్లగును. కేంద్రముల సంఖ్యలు ఊళ్ల వరుసనుబట్టి యుండును గనుక, మొదటి మూడు నాలుగు రౌండ్లు ఒకే మూలనున్న ఊళ్లవి. ధర్మవరము, బత్తలపల్లె, తాడిమర్రి, ముదిగుబ్బ అను నాలుగు మండలములు గల మా నియోజకవర్గమున మొదటి రౌండ్లలోని లీడు చెప్పునది ఒక్కటే: ముందుగా ఏ ఊళ్ల యంత్రములు తెరచిరో అది. కలియబెట్టని కుండలో ఒక ప్రక్క మెతుకు పట్టి, వంట యైనదని కేక వేయుట ఇది. అభ్యర్థులు లేచుటయు పడుటయు లేదు. ఓట్లన్నియు ఎన్నడో పడినవి. యంత్రములలో భద్రముగా నున్నవి. మారుచున్నది తెరచు వరుస మాత్రమే. ఆ వరుసను పరుగుపందెముగా చూపి, "దూసుకుపోవుచున్నారు", "వెనుకబడినారు" అని ఉత్కంఠను అమ్ముట స్టూడియో వ్యాపారము. నడుమ నడుమ ప్రకటనలు ఎవరివో పాఠకులు గమనించియే యుందురు.

ఈ సరకునకు కొనుగోలుదారులు పందెగాండ్రు. పల్లెలలో కోడిపందెము ఏటికొక్క పండుగకు. ఈ పందెము రౌండు రౌండునకు. చదువుకొన్నవారు దీనికి అతీతులమనుకొనవలదు. 2024 జూన్ 1వ తేది సాయంకాలము ఎగ్జిట్ పోల్ జోస్యములలో పెక్కులు కేంద్రమున అధికారకూటమికి 350కి పైబడి స్థానములు వచ్చునని చెప్పినవి. జూన్ 3న బొంబాయి సెన్సెక్సు రెండువేల అయిదువందల పాయింట్లు ఎగసెను. 4న ఆ కూటమికి 293 మాత్రమే వచ్చునని తేలగా నాలుగువేల మూడువందలకు పైగా పడెను. మా యువకుడు విత్తనపు సొమ్ము పోగొట్టినాడు; పట్టణములలో కోటు తొడిగినవారు ఎంత పోగొట్టిరో వారికే తెలియును. ఆనాడు ఒక జోస్యకర్త స్టూడియోలోనే కన్నీరు పెట్టుకొనెను. ఆయన కన్నీరు ప్రసారమైనది. ఆ తల్లి కన్నీటికి తెర దొరకలేదు. పోలింగు ముగియువరకు ఎగ్జిట్ పోల్ ప్రకటింపరాదని 2009లో శాసనమునకు 126ఎ అను సెక్షను చేర్చిరి. మంచిదే. కాని ముగిసిన అరగంటకు గేట్లెత్తిన వరదకు ఆ సెక్షను ఏమి చేయగలదు?

సొమ్ము నష్టముకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. "ఫలానా మండలము ఫలానావారికి ఇంత ఆధిక్యమిచ్చినది, ఫలానా గ్రామము ముంచినది" అని తెరమీద చెప్పునప్పుడు మనము తలలూపుచు విందుము. ఆ మాట ఎవరు వినుచున్నారో యోచించితిమా? గెలిచినవాడు వినుచున్నాడు. ఓడినవాడును వినుచున్నాడు. కక్షలకు పేరుబడిన రాయలసీమలో, సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన ఈ అనంతపురపు మెట్టనేలమీద, నీళ్ల ట్యాంకరు ఏ వీధికి ముందు రావలెనో, కరవు సహాయపు పట్టికలో ఎవరి పేరుండవలెనో నిర్ణయించువారి చేతికి ఊరివారీ ఓట్ల చిట్టా అందించుట సామాన్యమైన పనియా? ఓటు రహస్యమని శాసనము ఘోషించుచున్నది. వందల ఓట్ల చిన్న కేంద్రమున మొత్తము చెప్పినచో ఊరి రహస్యము చెప్పినట్లే.

ఇది నా యొక్కని భయము కాదు. బ్యాలెటు పత్రముల కాలముననే, ఓటర్లను బెదిరించుట, వేధించుట జరుగునని తోచినచోట పెట్టెలన్నిటి పత్రములను కలిపి లెక్కింపుడని ఆదేశించు అధికారము నియమములలో ఎన్నికల కమిషనునకు ఉండెను. అనగా కుండను కలియబెట్టుట! యంత్రములు వచ్చినపిమ్మట ఏ యంత్రపు లెక్క ఆ యంత్రమే చెప్పుచున్నది. అందుచేత కొన్ని యంత్రముల ఓట్లను కలిపి మొత్తము మాత్రమే చూపు "టోటలైజరు" అను సాధనమును 2008లో కమిషను ప్రతిపాదించెను. 2015లో న్యాయసంఘము తన 255వ నివేదికలో దానిని సిఫారసు చేసెను. ఇంతవరకు అది అమలునకు రాలేదు. చీలిక పీలికలుగా లెక్క బయటపడుట కోరు పక్షములకును, ఆ పీలికలను అమ్ముకొను స్టూడియోలకును దీనియందు సమానమైన లాభము కలదు. నష్టము మాత్రము ఊరిది.

అట్లయిన మనము చేయవలసినదేమి? టెలివిజనును పగులగొట్టుమని నేను చెప్పను. మొదటిది, అడుగుట. ఎన్ని కేంద్రములలో ఎన్ని లెక్కింపబడినవో చెప్పకుండ ఏ లీడును చూపరాదని ఛానళ్లను అడుగుదము. ఓట్లను కలిపి లెక్కించు సాధనము తెండని మన ప్రతినిధులను, వారు ఏ పక్షమువారైనను, అడుగుదము. రెండవది, మన యింటి పని. లెక్కింపు దినమున పిల్లల చేతికి ఒక కాగితము, పెన్సిలు ఇండు. తెరమీది అంకె ప్రక్కన "ఎన్నింటిలో ఎన్ని?" యని వ్రాయింపుడు. జవాబు రానిచో ఆ అంకెను కొట్టివేయింపుడు. మధ్యాహ్నమునకు వారి కాగితమంతయు కొట్టివేతలతో నిండును. ఆ కొట్టివేతలే ఆనాటి మంచి పాఠము. గృహిణులు మరియొక పని చేయగలరు. లెక్కింపునకు వారము ముందునుండియే ఇంటి బీరువా తాళపుచెవిని కొంగున ముడివేసికొనవలెను. విత్తనపు సొమ్మునకు అంతకుమించిన కావలి లేదు.

1952లో అనంతపురమున తరిమెల నాగిరెడ్డిగారు నీలం సంజీవరెడ్డిగారిని ఓడించిననాడు ఈ దేశమున టెలివిజనే లేదు. ఫలితము తెలియుట ఆలస్యమైనదని ప్రజాస్వామ్యము చెడలేదు. ప్రజలు తీర్పు చెప్పిరి, ఆ తీర్పు నిలిచెను. నేడు తీర్పు ఒక్కపూటలో వచ్చుచున్నను ఆ పూటయైన ఓపిక మనకు లేదు. అంత తొందరపడి తెలిసికొన్న మనము మరునాటినుండి ఐదేండ్లవరకు ఏమి అడుగుచున్నాము? చెరువు పూడిక లెక్క అడిగితిమా? ఎండిన బోరుబావుల లెక్క అడిగితిమా? పద్నాలుగు గంటలు లీడులు చదివిన స్టూడియో ఆ లెక్కలకు పద్నాలుగు నిమిషములిచ్చినదా? ఓట్లు లెక్కించుట ఒకనాటి పని, అది అధికారులు చేయుదురు. లెక్క అడుగుట ఐదేండ్ల పని, అది మనము చేయవలసినది. మొదటిదానిని చూచి చప్పట్లు కొట్టి రెండవదానిని మరచినంతకాలము తెరమీద ఎవరు గెలిచినను ఓడినవారము మనమే.