సొంత బండి - పరాయి చేయి

బండి గల రైతు ఇరుసునకు కందెన వేయుటకై కమ్మరికి కబురంపెనని మేమెన్నడును వినలేదు. చక్రమునకు ఇనుప పట్టా వేయవలసివచ్చినపుడు కొలిమికి పోయెడివాడు. ఇరుసు విరిగినపుడు వడ్రంగిని పిలిచెడివాడు. కందెన మాత్రము తన చేతితోనే వేసికొనెడివాడు. ఏది తన పని, ఏది పనివాని పని యను వివేకము అక్షరము రాని యా రైతునకు కలదు. నేడు లక్షలు పోసి కారు కొనిన పట్టణవాసికి, పట్టభద్రుడై యుండియు, ఆ వివేకము కొరవడినది. గాలి వడపోసెడి ఫిల్టరు మార్చుటకును, అద్దము తుడిచెడి వైపరు రబ్బరు మార్చుటకును గూడ అతడు డీలరు గుమ్మముకడ వరుసలో నిలుచుచున్నాడు.

దీనికి సోమరితనమొక్కటియే కారణము కాదు. భయము గూడ కలదు. “బయటివాని చేయి పడినచో వారంటీ పోవును” అను మాట కారు కొనిన దినముననే కొనుగోలుదారుని చెవిని పడును. ఈ మాటలోని నిజమెంతయో చదువరులు తెలిసికొనుట మంచిది. 2011లో ఒక వినియోగదారుడు చేసిన ఫిర్యాదుపై భారత పోటీ కమిషను చాలకాలము విచారణ జరిపి, 2014 ఆగస్టు 25వ తేదీన 14 కార్ల కంపెనీలపై మొత్తము రూ.2,544 కోట్లకు పైబడిన జరిమానా విధించెను. విడిభాగములను బహిరంగ విపణిలో దొరకనీయకుండుట, మరమ్మతునకు వలయు పరికరములును సమాచారమును స్వతంత్ర మెకానిక్కులకు అందనీయకుండుట ఆ కంపెనీలపై తేలిన నేరము. అంతియకాదు. బయట పని చేయించినంతమాత్రమున వారంటీ యంతయు రద్దగునను నియమము పెట్టరాదనియు, బయటి పని లోపమువలన కలిగిన నష్టము మేరకే వారంటీని నిరాకరింపవచ్చుననియు కమిషను ఆదేశించెను. కంపెనీలు అప్పీళ్ళకు పోయెను. వానిలో మూడింటి విషయమున 2016 డిసెంబరులో అప్పీళ్ళ ట్రిబ్యునలు జరిమానాను తగ్గించినను, చట్టమును మీరిరను నిర్ణయమును మాత్రము నిలిపెను. పిమ్మట 2022 జులైలో కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కును గూర్చి నియమించిన సంఘము తన పరిశీలనలో మోటారు వాహనములను గూడ చేర్చుకొనెను.

తీర్పు వెలువడి పదేండ్లు దాటినది. కాని ఏ తీర్పును మన కారు బానెట్టును తెఱచి చూపదు. అది మనము తెఱచుకొనవలసినదే.

తెఱచినచో కనబడునదేమి? నూనె మట్టము చూచెడి కడ్డీ యొకటి కలదు. సమతలమున కారు నిలిపి, ఇంజను ఆపి కొంతసేపు తాళి, ఆ కడ్డీని తీసి తుడిచి మరల ముంచి తీసినచో, నూనె రెండు గుర్తుల నడుమ నున్నదో లేదో చిన్నపిల్లవాడైనను చెప్పగలడు. గాలి ఫిల్టరు ఒక పెట్టెలో నుండును. దాని క్లిప్పులనో స్క్రూలనో విప్పుట యెంత పని? మన వేసవి దుమ్ములో అది మట్టికొట్టుకొనిపోవుట సహజము. ఏసీకి సంబంధించిన ఫిల్టరు పెక్కు కార్లలో ఎడమ సీటు ఎదుటనున్న గ్లవ్ బాక్సు వెనుక నుండును. మేనెలలో బెజవాడ యెండకు ఏసీ సరిగా వీచుటలేదని వాపోవువారు మొదట దానిని వెలికి తీసి చూడవలెను. టైర్లలో గాలి యెంత యుండవలెనో డ్రైవరు తలుపు చట్రముమీది చీటీయే చెప్పును. టైర్లు చల్లగా నున్నపుడు దానిని కొలువవలెను. టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని చట్టము. గాడుల అడుగున నుండు చిన్న రబ్బరు గట్లు టైరు పైభాగముతో సమమైనపుడు ఆ టైరునకు కాలము చెల్లినట్లే.

ఇవి తెలిసినవాడు బిల్లును చదువగలడు. అసలు లాభమిదియే, డబ్బు మిగులుట తరువాతి మాట. సర్వీసునకు కారిచ్చినపుడు ఇంజనులోని మసి తీయుట, ఏసీ శుద్ధి, లోపలి మెరుగుపూత యని బల్లవెనుకనున్న యువకుడు వరుసగా చదువుచుండ, తెలియనివాడు అన్నిటికిని తలయూపును. తెలిసినవాడు, “ఇది కంపెనీ పుస్తకములో ఏ పుట యందున్నది నాయనా?” అని యడుగును. ఆ యొక్క ప్రశ్నకే సగము బిల్లు కరగుట మేమెరుగుదుము.

అన్ని పనులును ఇంట చేయుమని మేము చెప్పుటలేదు. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు నేర్పరులకే విడువవలెను. విద్యుత్తుతో నడచు కార్లలో నారింజరంగు తీగలను తాకనే రాదు. వేడిగా నున్న రేడియేటరు మూతను తెఱువరాదు. కారుతో వచ్చిన జాకీ చక్రము మార్చుటకే గాని, దాని నమ్మి కారు క్రింద దూరుటకు గాదు. ఇంజను నూనెను సొంతముగా మార్పదలచినవారు గట్టి స్టాండ్లు లేక ఆ పనికి పూనరాదు. తీసిన నూనెను మురుగుకాలువలో పోయక డబ్బాలో పట్టి, పాత నూనె సేకరించువారికి చేర్చవలెను. వారంటీ గడువులో నున్నవారు పుస్తకములో చెప్పిన సర్వీసులను తప్పక చేయించి, కొన్న ప్రతి వస్తువునకు రసీదు దాచుకొనుట మేలు. వారంటీ తీరినవారికి డీలరే దిక్కు కాదు. బెజవాడ ఆటోనగరులోను, ప్రతి పట్టణములోని షెడ్లలోను చేయి తిరిగిన మెకానిక్కులు కలరు. అక్కడ ప్రక్కన నిలిచి చూడవచ్చును, అడిగినచో చెప్పుదురు. డీలరు కర్మాగారములో మనకు చూపునది గాజుగోడ, త్రాగనిచ్చునది కాఫీ.

ఇక సిగ్గు మాట. చేతికి మసి యంటినచో ఇరుగుపొరుగువారు డ్రైవరనుకొందురేమో యని వెనుదీయువారు మనలో తక్కువవారు కారు. చదువు చేతిపనిని నీచముగా చూచుట నేర్పిన దేశము మనది. ఇంగ్లండు అమెరికాలలో ఇంజనీర్లును వైద్యులును సెలవునాడు పానా పట్టి బానెట్టు క్రింద వంగుదురు. దానివలన వారి మర్యాదకు వచ్చిన లోపమేమియు లేదు. అక్కడ స్థిరపడిన మన తెలుగు పిల్లలును కూలి ధరకు వెఱచి యీ పనులు నేర్చినవారే. వారు సెలవులకు వచ్చినపుడు తండ్రి కారు ఫిల్టరును తామే మార్చుచుండగా, తండ్రి వీధి తలుపు మూయించుట వింతగా లేదా?

కంపెనీలను గూడ మేమొకటి కోరుచున్నాము. ఆంధ్ర తెలంగాణములలో అమ్మెడి ప్రతి కారుతోను యజమాని పుస్తకమును తెలుగున ముద్రించి యీయవలెను. సామాన్యముగా ఆ పుస్తకము కవరుతోసహా గ్లవ్ బాక్సులోనే నిద్రించుచుండును. తెలుగు పుస్తకము వచ్చులోపల, ఇంగ్లీషు వచ్చినవారు ఈ ఆదివారము దానిని వెలికి తీసి, సర్వీసు పట్టిక యున్న పుటవరకైనను చదువుదురుగాక.